విజయవాడలో అరోరా కనపడదు, సౌర తుఫానును మాత్రం పెరట్లోనే పట్టుకోవచ్చు

సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందని టీవీలో చెప్పిన ప్రతిసారీ మర్నాటికల్లా అదే ప్రశ్న వస్తుంది: “రాత్రి డాబా ఎక్కితే అరోరా కనబడుతుందా?” ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో వేలాడే ఆ రంగుల వెలుగు ఇక్కడ కనబడదండీ. విజయవాడలో కనబడదు, గుంటూరులో కనబడదు, కొండపల్లి ఖిల్లా ఎక్కి చూసినా కనబడదు. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది 2003 తర్వాత అంత తీవ్రమైన తుఫాను. జి5, అంటే తుఫాను తీవ్రత స్కేలులో ఆఖరి మెట్టు. అంతటి రాత్రి కూడా మన దేశంలో వెలుగును కెమెరాలు పట్టింది లడఖ్‌లోని హాన్లేలో, అదీ ఉత్తరాన ఆకాశం అంచున ఎర్రటి జీరగా. ప్రకాశం బ్యారేజీ మీద ఆకుపచ్చ తెరలు వేలాడుతున్న ఫొటో మీ గ్రూపులో వస్తే అది ఎవరో కంప్యూటర్లో చేసిందే. ఎవరినీ అడగక్కర్లేదు, రంగు చూస్తే చాలు: ఆకుపచ్చ ఇంత దూరానికి కనబడదు.

కళ్ళకు కనపడకపోయినా ఆ తుఫాను మన పెరట్లోకీ వచ్చింది. ఇక్కడి భూ అయస్కాంత క్షేత్రం ఆ రాత్రి నూటికి ఒక వంతు దాకా తగ్గింది. ఆ తగ్గుదలను కొలిచే పరికరాన్ని ఇంట్లో చేసుకోవచ్చు. ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో, వచ్చిన గీత నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో కింద రాస్తున్నాను.

ముందు ఒక్క పేరా సిద్ధాంతం

సూర్యుడి నుంచి విద్యుదావేశ కణాలు ఎప్పుడూ వీస్తూనే ఉంటాయి, దీన్నే సౌర పవనం అంటారు. భూమి అయస్కాంత క్షేత్రం వాటిని చాలావరకు పక్కకు మళ్ళిస్తుంది. ఆ కణాలు మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉన్నప్పుడు మాత్రం అది మన క్షేత్రంతో కలిసిపోయి శక్తిని లోపలికి రానిస్తుంది. అప్పుడు ధ్రువాల చుట్టూ ఉన్న వలయంలో ఎలక్ట్రాన్లు గాలి మీదికి దిగుతాయి. 100, 150 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ ఆకుపచ్చగా, 200 కిలోమీటర్ల పైన ఎర్రగా వెలుగుతుంది. హాన్లేకి ఎరుపు ఒక్కటే కనబడటానికి కారణం ఇదే: అంత దూరం నుంచి చూస్తే పొడవైన తెరలో పైభాగమే దిగంతం దాటి కనిపిస్తుంది. ఇంకొన్ని కణాలు భూమధ్యరేఖకు ఎగువన, కొన్ని భూవ్యాసార్ధాల దూరంలో, భూమి చుట్టూ వలయంగా తిరుగుతాయి. ఆ వలయంలో పారే కరెంటు మన దగ్గర ఉత్తర దిక్కు క్షేత్రాన్ని తగ్గిస్తుంది. మనం కొలవబోయేది ఈ తగ్గుదలనే.

సీసా, దారం, అయస్కాంతం: దాన్ని ఎందుకు వద్దంటున్నాను

వెతికితే మొదట దొరికేది ఒక పాత డిజైను. గాజు సీసాలో దారంతో చిన్న అయస్కాంతం వేలాడదీసి, దానికి అద్దంముక్క అతికించి, లేజర్ చుక్క గోడ మీద ఎటు కదులుతుందో చూడటం. బ్రిటన్, స్కాండినేవియా లాంటి చోట్ల ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ అరోరా కరెంట్లు సూదిని తూర్పు పడమరలకు తిప్పుతాయి. మన దగ్గర తుఫాను ప్రధానంగా ఉత్తర దక్షిణ దిశలోనే మార్పు తెస్తుంది. ఉత్తరం చూస్తున్న సూదిని లాగే బలం కాస్త తగ్గితే సూది తిరగదు, అలాగే ఉత్తరం చూస్తూ ఉంటుంది. తుఫాను వచ్చి వెళ్ళినా గోడ మీది చుక్క పెద్దగా కదలదు, పిల్లలేమో పరికరం పాడైందనుకుంటారు.

సూదిని పక్కన ఇంకో అయస్కాంతం పెట్టి బలవంతంగా తూర్పుకు తిప్పితే ఉత్తర దిశ మార్పు కనబడుతుంది కదా అంటారు. కనబడుతుంది. కానీ మామూలు ఫెర్రైట్ అయస్కాంతం బలం ఒక్క డిగ్రీ వేడికి వెయ్యికి రెండు వంతులు పడిపోతుంది. మనకున్న 40 వేల నానోటెస్లా (అయస్కాంత క్షేత్రపు కొలమానం) ఉత్తర దిక్కు క్షేత్రాన్ని దాంతో రద్దు చేస్తే డిగ్రీకి 80 నానోటెస్లా తప్పు వస్తుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఇంట్లో పగటికీ రాత్రికీ ఎన్ని డిగ్రీల తేడా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మీరు కొలిచేది ఎండను, తుఫానును కాదు. అందుకే ఎలక్ట్రానిక్ సెన్సర్ దారి మేలు. సీసా డిజైను స్కూల్లో చూపించడానికి బాగుంటుంది. రోజువారీ తూర్పు పడమర ఊగిసలాట నాలుగు మీటర్ల దూరపు గోడ మీద కొన్ని మిల్లీమీటర్లు కనిపిస్తుంది, అంతే.

కావలసినవి

- ఆర్‌ఎమ్3100 మాగ్నెటోమీటర్ మాడ్యూల్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్. ఆన్‌లైన్లోనే దొరుకుతుంది. చవగ్గా వస్తుందని హెచ్‌ఎమ్‌సీ5883 రకం కొనకండి, దాని గోల (రీడింగులో ఊరికే ఊగే తప్పు) వందల నానోటెస్లాల్లో ఉంటుంది. ఆర్‌ఎమ్3100 సాధారణ సెట్టింగులో ఒక్కో మెట్టు 13 నానోటెస్లా. సెకనుకొకటి తీసి నిమిషానికి సగటు వేస్తే రెండు మూడుకు దిగుతుంది.
- రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, చిన్న మోడల్ చాలు. ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డుతో కూడా చేయొచ్చు, కాకపోతే టైము, ఫైళ్ళు చూసుకోవడం రాస్ప్‌బెర్రీ పైలో తేలిక.
- మూడు మీటర్ల లాన్ కేబుల్.
- ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి, డీఎస్18బీ20.
- రెండంగుళాల పీవీసీ పైపు అడుగున్నర ముక్క, రెండు ఎండ్ క్యాపులు, పీవీసీ సొల్యూషన్, సిలికా జెల్ పొట్లాలు.
- ఇత్తడి లేదా నైలాన్ మరలు. ఇనుప మర ఒక్కటి కూడా వద్దు. స్టీలు మరలు “అయస్కాంతానికి అంటవు” అని కొట్టతను చెప్పినా అయస్కాంతం పెట్టి మీరే చూసుకోండి.
- రసమట్టం. చిన్నది, ప్లాస్టిక్‌ది.
- వైఫై రూటర్లకు పెట్టే చిన్న యూపీఎస్.

పైపు, క్యాపులు, ఇత్తడి మరలు వన్‌టౌన్‌లో ఏ హార్డ్‌వేర్ కొట్లో అయినా దొరుకుతాయి.

చేసే పద్ధతి

1. ముందు చోటు వెతకండి. అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టండి. ఫోన్లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుని మాగ్నెటోమీటర్ తెరవండి. ఫోన్ కవర్లో అయస్కాంతం ఉంటే కవర్ తీసేయండి. ఫోన్‌ను ఒకే దిక్కుకు, ఒకే ఎత్తున పట్టుకుని పెరడంతా నెమ్మదిగా నడవండి. మొత్తం క్షేత్రం 42, 43 మైక్రోటెస్లా (ఒక మైక్రోటెస్లా అంటే వెయ్యి నానోటెస్లాలు) దగ్గర ఉండి, అడుగడుగుకీ మారకుండా ఉన్న చోటే మీకు కావాలి. స్లాబు మీద, పిల్లర్ పక్కన, సెప్టిక్ ట్యాంకు మీద అంకెలు గంతులేస్తాయి. అది ఇనుప ఊచల పని.

ఊరి మధ్య అపార్ట్‌మెంట్లో ఉంటే ఉన్నమాట చెబుతాను: లిఫ్టు కదిలినప్పుడల్లా మీ గీత కదులుతుంది. కింద కారు తీసినా పెట్టినా మెట్టు పడుతుంది. అక్కడ పెద్ద తుఫానులే దొరుకుతాయి, చిన్నవి ఆశించకండి. నున్న వైపు మామిడితోటో, తెనాలి వైపు పొలమో, మంగళగిరి అవతల సొంత స్థలమో ఉంటే అక్కడ పెట్టండి. తోటలో కూడా బోరు కేసింగుకూ, ఇనుప గేటుకూ, ట్రాక్టరు నిలిపే చోటుకూ కనీసం ఇరవై మీటర్లు దూరం జరగండి. గేటు చాలామంది మర్చిపోతారు. మూసి ఉన్న గేటు సమస్య కాదు, తెరుస్తూ మూస్తూ ఉండే గేటే సమస్య.

బొంబాయిలో కొలాబా వేధశాల ఈ బాధ వందేళ్ళ కిందటే పడింది. ఊళ్ళో ఎలక్ట్రిక్ ట్రాములు వస్తున్నాయని 1904లో అయస్కాంత పరికరాలను అలీబాగ్‌కు తరలించారు. 1859 సెప్టెంబరు నాటి మహా తుఫానులో సుమారు 1600 నానోటెస్లా పతనాన్ని నమోదు చేసింది ఆ కొలాబానే.

2. బల్ల మీద జోడించి పరీక్షించండి. సెన్సర్‌ను లాన్ కేబుల్‌తో రాస్ప్‌బెర్రీ పైకి కలపండి. డేటా తీగ ఒక జతలో గ్రౌండ్‌తో, క్లాక్ తీగ ఇంకో జతలో కరెంటు తీగతో మెలిపడి ఉండేలా చూడండి. రెండు సిగ్నల్ తీగలనూ ఒకే జతలో పెడితే మూడు మీటర్లకే తప్పుడు అంకెలు వస్తాయి. సెన్సర్, కంప్యూటర్ మాట్లాడుకునే ఐ2సి లైను వేగాన్ని 10 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి, మనకు తొందరేమీ లేదు.

3. తిప్పి చూసే పరీక్ష. దీన్ని వదిలేసి నేరుగా పాతిపెట్టేవాళ్ళే ఎక్కువ. సెన్సర్‌ను రసమట్టంతో చదునుగా పెట్టి, వై అక్షం సున్నా చూపేదాకా మెల్లగా తిప్పండి. అప్పుడు ఎక్స్ అక్షం సరిగ్గా అయస్కాంత ఉత్తరాన్నో దక్షిణాన్నో చూస్తూ ఉంటుంది, దిక్సూచితో పనిలేదు. ఎక్స్ 40 మైక్రోటెస్లాకు అటూఇటూ, నిలువు అక్షం 15కు అటూఇటూ రావాలి. ఇప్పుడు సరిగ్గా వెనక్కి తిప్పండి. గుర్తు మారి అదే అంకె రావాలి. ముందుకు 40.2, వెనక్కి 37 వచ్చిందంటే సెన్సర్‌తో పాటు తిరిగే ఇనుము ఎక్కడో ఉంది: మర, పిన్ను, లేదా కనెక్టరు తొడుగు. అది దొరికేదాకా ముందుకు పోకండి.

4. పైపులో పెట్టి మూయండి. సెన్సర్‌ను చిన్న ప్లాస్టిక్ పలక మీద ఇత్తడి మరలతో బిగించండి, పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టండి. సిలికా జెల్ వేసి, కేబుల్ బయటికి వచ్చే రంధ్రాన్ని ఎపాక్సీతో పూడ్చండి. పైపు మీద ఎక్స్ అక్షం దిక్కును మార్కరుతో పెద్ద బాణం గీయండి. లోపల పెట్టి మూసేశాక అది ఎటు చూస్తోందో ఎవరికీ గుర్తుండదు. బందరు కాలవ, ఏలూరు కాలవ చుట్టుపక్కల రెండడుగులకే నీటిచెమ్మ తగులుతుంది. అందుకే మూసిన పైపును పాతే ముందు ఒక రాత్రంతా బక్కెట్ నీళ్ళలో ముంచి బుడగలు చూడండి.

5. పాతిపెట్టండి. రెండు నుంచి రెండున్నర అడుగుల లోతు. పగటి వేడి అంత లోతుకు దాదాపుగా దిగదు. గుంట అడుగున అరడుగు ఇసుక పోసి, పైపును చదునుగా పెట్టి, కేబుల్ రెండో కొన రాస్ప్‌బెర్రీ పైకి కలిపి, బయట అంకెలు చూస్తూ మళ్ళీ వై సున్నా, ఎక్స్ ధనాత్మకం అయ్యేలా తిప్పి, చుట్టూ ఇసుకతోనే నింపండి.

ఇసుక ఎందుకంటే, గుంటూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాంతో పాటు పైపూ ఒరుగుతుంది. డిగ్రీలో పదో వంతు ఒరిగితే 25 నానోటెస్లా దాకా తేడా వస్తుంది, ఒక చిన్న తుఫానంత. ఇసుకలో ముందు అయస్కాంతం తిప్పండి. నల్లటి రేణువులు గుత్తులుగా అంటుకొస్తే వేరే ఇసుక తెచ్చుకోండి. పని అయ్యాక గునపం, పార అక్కడే ఆనించి వదిలేయకండి.

పాతే వీలు లేనివాళ్ళు మందపాటి థర్మోకోల్ పెట్టెలో, ఎండ తగలని కింది గదిలో పెట్టుకోవచ్చు. ఉష్ణోగ్రత గీతను పక్కన పెట్టుకుని చదవాల్సి వస్తుంది.

6. నమోదు మొదలుపెట్టండి. సెకనుకొక రీడింగు, నిమిషానికొక సగటు, రోజుకొక ఫైలు. టైము తప్పకుండా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాయండి. ప్రపంచంలోని అయస్కాంత డేటా అంతా యూటీసీలోనే ఉంటుంది, మన టైముకు ఐదున్నర గంటలు వెనక. సగం మంది “నా గీత హైదరాబాద్ వేధశాల గీతతో కలవడం లేదు” అని అడిగేది ఈ ఐదున్నర గంటల వల్లే.

7. ఓ వారం రోజులు ప్రశాంతపు గీత చూడండి. తుఫాను లేని రోజున కూడా గీత బల్లపరుపుగా ఉండదు. పొద్దున నుంచి పెరుగుతూ పదకొండు, పన్నెండు గంటల మధ్య గూనిలా లేచి, సాయంత్రానికి దిగుతుంది. మన దగ్గర ఆ ఎత్తు 40, 50 నానోటెస్లా. ఎండ వల్ల పై వాతావరణంలో పారే కరెంట్ల పని అది. పరికరం సరిగ్గా ఉందనడానికి మొదటి రుజువు ఈ గూని. ఇది కనబడకపోతే తుఫాను కోసం ఎదురుచూడటం దండగ.

గూని మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు జరిగి వస్తే అనుమానించండి. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకూ, ఎండ బాగా కాల్చే వేళకూ తేడా ఉంది. ఆలస్యంగా వచ్చిన గూని ఉష్ణోగ్రతది. ఉష్ణోగ్రత గీతను దాని మీద పరిచి చూడండి, రెండూ కలిసి నడుస్తుంటే లోతు చాలలేదని అర్థం.

8. తుఫాను కోసం కాపలా. అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం జి1 నుంచి జి5 దాకా హెచ్చరికలిస్తుంది. “రేపు జి4” అని ముందురోజు చెప్పినా పూర్తిగా నమ్మకండి. సౌర పవనం భూమికి 15 లక్షల కిలోమీటర్ల ఇవతల, సూర్యుడి వైపున్న ఎల్1 బిందువు దాటేదాకా దాని అయస్కాంత దిక్కు ఎవరికీ తెలియదు. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1 కూర్చున్నది అక్కడే. అక్కడి నుంచి మన దగ్గరికి సుమారు గంట, వేగంగా వస్తే అరగంట. ఆ క్షేత్రం ఉత్తర దక్షిణాల్లో ఎటు తిరిగి ఉందో చెప్పే బీజెడ్ అనే అంకె (దక్షిణమైతే మైనస్) మైనస్ పది నానోటెస్లాకు దిగి గంటల తరబడి అక్కడే ఉంటే మీ గీత వైపు చూడండి. ప్లస్‌లో ఉంటే ఎంత వేగంగా వీచినా పెద్దగా జరగదు. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ అవకాశం ఎక్కువ.

తుఫాను గీత ఎలా ఉంటుంది

2024 మేనే తీసుకోండి. మన టైములో 10వ తేదీ రాత్రి పదిన్నర దాటాక గీత కొన్ని నిమిషాల్లోనే పైకి గెంతింది. సౌర పవనం వచ్చి క్షేత్రాన్ని నొక్కిన క్షణం అది. తర్వాత గంటల తరబడి జారుడు. మర్నాడు ఉదయం ఎనిమిది ప్రాంతానికి అట్టడుగు. తిరిగి మామూలుకు రావడానికి రోజులు పట్టింది. నిట్టనిలువు గెంతు, పొడవాటి జారుడు, బద్ధకంగా కోలుకోవడం: ఈ వరుస చూడాలి. మొదటి గెంతు అన్ని తుఫానుల్లోనూ రాదు, అది లేదని కొట్టేయకండి.

చప్పున మెట్టులా పడి అలాగే ఉండిపోతే ఎవరో బండి పెట్టారు. రోజూ ఒకే టైముకు వస్తే మోటారు. సూదిలా ఒక్క నిమిషం లేచి పడితే తీగల సమస్య. గీత తలకిందులుగా ఉండి, మధ్యాహ్నం గుంట పడి తుఫానుకు పైకి లేస్తుంటే మీరు ఎక్స్‌ను దక్షిణానికి పెట్టారు. తవ్వక్కర్లేదు, లెక్కలో గుర్తు మార్చుకుంటే సరి.

నిజమో కాదో తేల్చుకోవడం

మీకు అతి దగ్గరి పెద్దన్నలు హైదరాబాద్, చౌటుప్పల్‌లలో ఉన్నాయి, రెండూ జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వేధశాలలు. వాటి గీతలు ప్రపంచ అయస్కాంత వేధశాలల నెట్‌వర్క్ ఇంటర్‌మాగ్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. తుఫాను భూమి అంతటిదీ కాబట్టి హైదరాబాద్‌లో 150 తగ్గితే మీ దగ్గరా దాదాపు అంతే తగ్గాలి. ఆకారం కలిసి, పరిమాణం సగమే వస్తే అక్షం పక్కకు తిరిగి ఉందేమో, సెన్సర్ అంకెను నానోటెస్లాగా మార్చే గుణకం తప్పుందేమో చూడండి. ఆకారమే కలవకపోతే మీరు కొలిచింది పక్కింటి కారును.

రెండోది క్యోటో విశ్వవిద్యాలయం ఇచ్చే డీఎస్‌టీ సూచీ. క్షేత్రం ఎన్ని నానోటెస్లాలు తగ్గిందో చెప్పే గంటకొక అంకె, మన లాంటి తక్కువ అక్షాంశాల తుఫానుకు అసలైన కొలబద్ద. మైనస్ 50 దాటితే ఓ మోస్తరు, మైనస్ 100 దాటితే గట్టిది. 2024 అక్టోబరులో మైనస్ 300 దాటింది, మేలో మైనస్ 400 దాటింది. కెనడాలో క్విబెక్‌ను చీకటి చేసిన 1989 మార్చి తుఫానులో మైనస్ 589. వార్తల్లో తుఫాను తీవ్రతగా వచ్చే కేపీ అంకెతో మీ గీతను పోల్చకండి, అది ఎక్కువగా ఎగువ అక్షాంశాల కేంద్రాల నుంచి తీసింది. కేపీ 6 వచ్చిన రాత్రి కూడా మన దగ్గర పెద్దగా ఏమీ లేకపోవచ్చు.

పైసా ఖర్చు వద్దనుకునేవాళ్ళకు కూడా ఇదే దారి. పరికరం లేకుండానే హైదరాబాద్ గీత, డీఎస్‌టీ పక్కపక్కన పెట్టుకుని పాత తుఫానులను చదవొచ్చు. స్కూలు ప్రాజెక్టుకు అదే ఎక్కువ.

రేడియేషన్ సంగతి

“ఈ రాత్రి పన్నెండున్నర నుంచి కాస్మిక్ కిరణాలు, ఫోన్లు ఆపేయండి” అన్న మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది. ఫోన్ ఆపితే మిగిలేది చార్జింగే. నేల మీద మనల్ని కాపాడేది అయస్కాంత క్షేత్రం ఒక్కటే కాదు, తల మీద ఉన్న గాలి. దాని బరువు పది మీటర్ల లోతు నీళ్ళకు సమానం. క్షేత్రం విషయంలోనూ దక్షిణ భారతం అదృష్టవంతురాలు. కాస్మిక్ కిరణాలు నిట్టనిలువుగా ఇక్కడికి దిగాలంటే దాటాల్సిన కనీస హద్దు సుమారు 17 గిగావోల్టులు, ప్రపంచంలోనే అత్యధిక విలువల్లో ఒకటి. అరోరా మనకు కనపడకపోవడానికీ ఈ హద్దు ఇంత ఎక్కువగా ఉండటానికీ కారణం ఒకటే: మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం.

సంవత్సరం పొడవునా చూసుకోవాల్సింది

తొలకరికి ముందు కేబుల్ కనెక్టరు విప్పి తుప్పు, చీమలు చూడండి. రాస్ప్‌బెర్రీ పైలోని మెమరీ కార్డు నమోదు చేస్తూ చేస్తూ చచ్చిపోతుంది, వారానికోసారి ఫైళ్ళు వేరేచోటికి తీసుకోండి. పెరట్లో ఏది కదిలినా, కొత్త గేటు పెట్టినా, పక్కింటివాళ్ళు బోరు వేయించినా, తేదీ టైముతో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత గీతలో మెట్టు కనిపించినప్పుడు తిరగేయాల్సింది ముందు ఆ పుస్తకాన్నే.